పదకొండు దాటాక వేడి చేప

బెరిల్ వేపుడు చేపల కొట్లో విల్ఫ్ కొనేది చిన్న పొట్లం చిప్స్, కూర్చునేది గంటన్నర. ఆ శుక్రవారం మధ్యాహ్నం కూడా కిటికీ పక్క బల్ల దగ్గర, తలుపుకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఎదురుగా టాక్సీ తోలే తారిఖ్ తన చేప వేగడం కోసం ఎదురుచూస్తున్నాడు. వినేవాడు దొరికాడంటే విల్ఫ్‌కి పండగే.

బెరిల్‌కి మాత్రం వినే ఓపిక లేదు. వీధి చివరి రెండు పబ్బులూ రాత్రి ఒంటిగంట దాకా మందు అమ్ముకోవచ్చని కౌన్సిల్ ఎప్పుడో అనుమతి ఇచ్చేసింది. తాగినవాళ్ళకి ఆకలేస్తుందన్న సంగతి ఆ పెద్దమనుషులకి తట్టలేదు. పదకొండు దాటాక వేడి తిండి అమ్మాలంటే వేరే లైసెన్సు కావాలి. చల్లారిన చేప అమ్ముకోవచ్చట! ఈ థార్న్‌విక్ ఊళ్ళో చల్లారిన చేపని సముద్రపు కొంగలు కూడా ముట్టవు. చలికాలమంతా చేతి డబ్బే పెట్టి కొట్టు నడిపింది. ఇక లైసెన్సు రాకపోతే మూకుడు బోర్లించడమే.

మంగళవారం ఆ లైసెన్సు మీద కౌన్సిల్ కమిటీ విచారణ జరిగింది. ఇస్తామన్నారు, ఓ మెలిక పెట్టి. పబ్బులు మూసే వేళకి కొట్టు ముందు నిలబడి, జనాన్ని గోల లేకుండా ఇళ్ళకి పంపే మనిషి ఒకరుండాలి. ఆ మనిషి పేరు ఈ సాయంత్రంలోగా చెప్పాలి. బెరిల్ మరిదిని అడిగింది, నడుం నొప్పన్నాడు. పబ్బు కాపలావాణ్ణి అడిగింది, నవ్వి ఊరుకున్నాడు. ఇంకెవర్ని అడగాలో తోచక, ఆ దిగులంతా చేప మీద చూపిస్తూ పిండిలో ముంచి మూకుట్లో పడేస్తోంది.

"మొన్న మంగళవారం విచారణలో బెరిల్ తరఫున నాలుగు ముక్కలు చెప్పి రమ్మంటే వెళ్ళానోయ్, పెద్ద విషయమేం కాదులే," అన్నాడు విల్ఫ్.

"అయితే పెద్ద విషయమే," అన్నాడు తారిఖ్, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

"ముగ్గురు కౌన్సిలర్లు, వాళ్ళ ముందు నీళ్ళ గ్లాసులు, ఎదురుగా మన బెరిల్ వణికిపోతూ కూర్చుంది పాపం. ఇవతల చూస్తే వద్దనేవాళ్ళు ఓ పాతికమంది..."

"పాతికే?"

"కూర్చున్నవాళ్ళు పాతిక, మెట్ల మీద ఇంకో రెండొందలు, చెప్పనీ! అందరికీ ముందు ఆ మిస్ పికర్స్‌గిల్, అదే, ఎదురు మేడ మీదావిడ, తాగినవాళ్ళు తన కిటికీ కింద పాటలు పాడుతున్నారని, వెనిగర్ కారే చిప్స్ కాయితాలు గుమ్మంలో పడేస్తున్నారని ఏకరువు పెడుతోంది. నేను లేచాను. ఊరికే లేచానంతే, గది నిశ్శబ్దం. చైర్మన్ గారు చెంప గీరుకోబోయి చెయ్యి గాల్లోనే ఆపేశారు. అప్పుడు మొదలెట్టానయ్యా, చేప గురించి, ఉప్పు గురించి, ఆకలేసినవాడి కడుపు గురించి, అలా రెండు గంటలు. చైర్మన్ గారు ఏడ్చారు. పక్కావిడ కూడా ఏడ్చింది. గోడ మీద పాత మేయరు గారి పటం ఉంది చూడు, దాని చెంప కూడా తడిసింది!"

"పైకప్పు కారుతోందేమో," అన్నాడు తారిఖ్.

"ఎండ కాస్తుంటే కారుతుందా? విను. ఈలోగా మెట్ల మీద వాళ్ళు రంకెలేస్తూ లోపలికి తోసుకొచ్చారు, వాళ్ళ వెనకే పబ్బు కుర్రాళ్ళు సీసాలతో సహా. పోలీసులు బల్ల కింద దూరారు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? చెయ్యెత్తి, ఒక్కసారి 'ఉష్' అన్నాను. అంతే! గదిలో గోల ఆగింది, వీధిలో కార్లు ఆగాయి, రేవులో ఇంజన్లు ఆగాయి, సముద్రం ఒడ్డు దాకా వచ్చి, ఇప్పుడు విరగొచ్చా వద్దా అని నా వైపు చూస్తూ నిలబడిపోయింది. ఆ నిశ్శబ్దంలో సముద్రం అడుగున కాడ్ చేపలు మాట్లాడుకోవడం నా చెవులారా విన్నాను."

"ఏమనుకుంటున్నాయి?"

"బెరిల్ కొట్లో వేగడం కన్నా గొప్ప చావు లేదని!"

బెరిల్ చేతిలో జల్లిగరిటె ఆగిపోయింది. చేపల మాటకి కాదు. ఆ 'ఉష్' చేసి చూపిస్తూ విల్ఫ్ చెయ్యెత్తిన తీరుకి. అరచెయ్యి ఎదరికి పెట్టి, భుజం కదలకుండా ఎత్తాడు. ఆ చెయ్యి తను ఎక్కడ చూసిందో గుర్తొచ్చి, ఆమె గబగబా వెనక గదిలోకి వెళ్ళింది. ఫోనులో రెండు మాటలు మాట్లాడి తిరిగొచ్చింది. వచ్చేసరికి తలుపు దగ్గర మిస్ పికర్స్‌గిల్ సంచీ పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపైందో ఏమో.

"అయిపోయిందా విల్ఫ్ గారూ?" అంది ఆవిడ.

విల్ఫ్ వెనక్కి తిరిగి చూసి, నోట్లో చిప్ మింగలేక దగ్గాడు.

"నేనూ ఆ గదిలోనే ఉన్నాను. వద్దనడానికి వచ్చింది నేనొక్కదాన్నే. మీరు లేచారు, 'చేప బాగుంటుందండీ' అన్నారు, చెమట తుడుచుకుంటూ బయటికి వెళ్ళిపోయారు. కౌన్సిల్ ఏం చెప్పిందో కూడా వినలేదు."

తారిఖ్ బల్ల మీద తల వాల్చి నవ్వాడు. విల్ఫ్ చెవులు ఎర్రబడ్డాయి.

"క్లుప్తంగా చెప్పాను," అన్నాడు, ఎవరికీ వినపడనంత చిన్నగా.

"రాత్రిళ్ళు జనాన్ని గోల చెయ్యకుండా పంపే మనిషి ఉంటేనే లైసెన్సన్నారు," అంది బెరిల్. "ఇప్పుడే కౌన్సిల్‌కి ఫోను చేసి నీ పేరు చెప్పి వచ్చాను. రేపు రాత్రి నుంచే."

"నా పేరా! తల్లీ, ఆ 'ఉష్' అదీ... నేను ఊరికే... తాగి ఉంటారు, నా మాట ఎవడు వింటాడు?"

"బడి ముందు రోడ్డు మధ్యన పిల్లల్ని దాటిస్తూ ఇరవై ఏళ్ళు నిలబడ్డావు, ఎండనక వాననక. ఈ ఊళ్ళో తాగి తిరిగే ప్రతి కుర్రాణ్ణీ నువ్వే చెయ్యెత్తి ఆపావు, నువ్వే దాటించావు. ఒక్కరికీ చిన్న గీరైనా పడలేదు. సముద్రాన్ని ఆపానంటావు గానీ, ఆ మాట ఒక్కనాడూ చెప్పుకోవేం?"

తారిఖ్ నవ్వడం ఆపేశాడు. "నన్నూ దాటించావు. ఇప్పటికీ నువ్వు చెయ్యెత్తితే బ్రేకు మీద కాలు పడుతుంది," అన్నాడు.

విల్ఫ్ చిప్స్ పొట్లం మడత విప్పాడు, మళ్ళీ మడిచాడు. కళ్ళు తడిశాయి, ఈసారి పటంలో మేయరువి కాదు. బెరిల్ అడగకుండానే ఓ పెద్ద చేప తెచ్చి అతని ముందు పెట్టింది.

"నా మటుకు నాకు ఆయనైతే సమ్మతమే," అంది మిస్ పికర్స్‌గిల్. "కిటికీలోంచి చూస్తుంటాను."

విల్ఫ్ చేప విరిచాడు, ఊదుకుని తిన్నాడు, మెల్లిగా మెడ నిటారైంది.

"'ఆగు' అని రాసిన గుండ్రటి పలకతో కర్ర పట్టుకునేవాణ్ణే బడి ముందు, అది ఇంకా నా షెడ్డులోనే ఉంది," అన్నాడు. "దాంతో ఓసారి గూడ్సు బండిని ఆపేశాను. పట్టాల మీద నిలబడి కాదు, వంతెన మీంచి ఊరికే చూపించానంతే! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలుసు," అంది మిస్ పికర్స్‌గిల్, బెరిల్ కట్టిచ్చిన చేప పొట్లం సంచీలో పెట్టుకుంటూ. "ఇంటికెళ్ళి పడుకున్నారు. రేపు మాత్రం మధ్యాహ్నమే పడుకోండి విల్ఫ్ గారూ, రాత్రికి మేలుకోవాలి."