కిర్రు చెప్పులు మోగని వీధి

బసివిరెడ్డికి ఈర్ష్య పుట్టుకతోనే వచ్చిందంట. మనకు పుట్టుమచ్చ ఉండదా, అట్ల. తన బర్రె పక్కింటోని చెయ్యి నాకిందని దాన్ని తోలుకపోయి సంతలో అమ్మేసినోడు. తన కుక్క ఎవురినో చూసి తోక ఊపిందని దానికి కూడు పెట్టనోడు. నవ్వబాక నల్లన్నా, నిజం చెప్తాండా. అట్లాంటోడు ఊరికి మునసబు. మునసబంటే ఈ కాలపోళ్ళకు తెలీదు, ఆయప్ప తుమ్మితే ఊరంతా ముక్కు చీదుకోవాల, అంత పెద్ద. ఆయప్పకు దేవుడు ఓబులమ్మ లాంటి పెండ్లాన్ని ఇచ్చినాడు. చక్కని మనిషి, మాట తక్కువ. తిట్టేదాని మనసులో ఏముందో తిట్టులోనే తెలుస్తాది, మాట్లాడనిదాని మనసులో ఏముందో ఎట్ల తెలుస్తాది? అదీ ఆయప్ప రోగం.

ఇంగ సుంకన్న సంగతి. సుంకన్న ఆ ఊరి నీరుగంటి. చెరువు తూము తిప్పి, ఎవురి మడికి ఎన్ని నీళ్ళో పంచేటోడు. ఊరికి బువ్వ పెట్టే నీళ్ళు వాని చేతిలో ఉండె, వాని ఇల్లు మాత్రం ఊరి బయట ఉండె. ఎందుకు బయట అని అడగబాకండి, ఈ కత చాలదు. ఆ సుంకన్నకు వాళ్ళ మామ, పిల్లనిచ్చినాయన, ఒగ జత చెప్పులు కుట్టిచ్చినాడు. కిర్రు చెప్పులు. రెండు పొరల తోలు మధ్య ఏమి పెట్టి కుట్టినాడో ఆ ముసలాయన ఎవురికీ చెప్పలే, అడుగేస్తే కిర్రు, ఎత్తితే కిర్రు. మాపటేళ తూము కట్టేదానికి సుంకన్న రెడ్ల వీధిలోనించే పోవాల, వేరే దావ లేదు. కిర్రు కిర్రు కిర్రు అని పోతాంటే అరుగుమీద కూచున్న బసివిరెడ్డికి ఆ మోత ముందు చెవిలో పడె, ఆమీద కడుపులో పడె.

ఏమైందంటే, ఆ మోత ఇంటి ముందుకు వచ్చిందో లేదో, నడవలో బియ్యం చెరుగుతా ఉన్న ఓబులమ్మ తల ఎత్తె. చేట పక్కన పెట్టె. కొంగుతో మొగం తుడుచుకొని లేసి లోపలికి పోయె. ఒగదినం అనుకో, సరే. మర్సనాడూ అంతే. ఆ మర్సనాడూ అంతే. కిర్రు అంటే తల ఎత్తేది, మొగం తుడుచుకునేది, లేసేది. బసివిరెడ్డి అరుగుమీద కూచొని తమలపాకు నమల్తా చూస్తా ఉన్నాడు, ఆకు చేదయిపోయిందంట. నేను ఇంటికొస్తే ఎత్తని తల వాని చెప్పు కూస్తే ఎత్తుతాదా, నన్ను చూసి తుడుచుకోని మొగం వానికోసం తుడుచుకుంటాదా! అడిగితే పరువు పాయె, అడగకపోతే నిద్ర పాయె. ఏం చేసినాడంటే, సుంకన్న మామనే పిలిపించి, నాకూ ఒగ జత కుట్టు, నీ అల్లునివాటికంటే గట్టిగా కూయాల అన్నాడు. ముసలాయన కుట్టిచ్చినాడు. రెడ్డి అవి తొడుక్కొని పెండ్లాము ముందర అటు పోయె, ఇటు వచ్చె, మళ్ళా అటు పోయె. ఓబులమ్మ తల ఎత్తింది. ఆయప్ప ఆగి నిలబడె. ఆయమ్మ ఏమనిందో తెలుసునా? “అబ్బా, ఆ మోతేంది, ఎద్దులబండి ఇంట్లోకి వచ్చినట్ల! తలకాయ నొస్తాంది, ఇడిసి అవతల పెట్టు” అనె.

వానిది పాటంట, నాది బండి మోతంట! ఇంగేం కావాల? మర్సనాడు పొద్దున్నే దండోరా. ఇందుమూలంగా అందరికీ తెలియజేసేదేమంటే, పెద్దలనాటి కట్టుబాటు మళ్ళా పెట్టినాము, ఊరిబయట గేరివాళ్ళు ఎవురూ రెడ్ల వీధిలో కాళ్ళకు చెప్పులు వేసుకొని నడిసేదానికి లేదు, చేతపట్టుకొని పోవాల, డుం డుం. సుంకన్న ఒక్కని పేరు చెప్తే తన గుట్టు బయటపడతాదని గేరి మొత్తాన్నీ కలిపినాడు. చూసినారా, ఒగని కడుపుమంటకు అందరి కాళ్ళూ కాలాల. అప్పుడు ఎండలు ముదిరినాయి. వీధంతా బండపరుపు, దోసె పోస్తే కాలుతాది. పిల్లతల్లులు చంకలో బిడ్డను, చేతిలో చెప్పులను పట్టుకొని వేళ్ళమీద ఎగురుకుంటా పోయినారు. ముసలి లింగమ్మవ్వ తన చెప్పులు నెత్తిన పెట్టుకొని అరుగు ముందర నిలబడి, “ఏం రెడ్డీ, కాళ్ళకింద ఉండేవాటిని నెత్తికెక్కించినావు గదప్పా, నీ పుణ్యం!” అని బోసినోటితో నవ్విందంట. సుంకన్న పెండ్లాము మారెక్క మాత్రం నవ్వలే. “ఈ బండలు వాళ్ళ తాత పరిచినాడా? మోసింది మా తాత, పరిచింది మా తాత. దున్నేటోనిది భూమి అంటారే, నడిసేటోనిది దావ కాదా?” అని మొగునితో కొట్లాడింది. సుంకన్న చెప్పులు చంకలో పెట్టుకొని, వట్టి కాళ్ళతో, తల ఎత్తుకునే పోయినాడు. చప్పుడు లేదు.

చప్పుడు లేదు, ఇంటాండరా? అక్కడే వచ్చింది చిక్కు. మాపటేళ బసివిరెడ్డి మీసం దువ్వుకుంటా పెండ్లాము దిక్కు చూసినాడు. ఓబులమ్మ తల ఎత్తలే. బియ్యం చెరిగింది, చెరిగిందే చెరిగింది. కొంచేపటికి వీధి దిక్కు చూసె. మళ్ళా చెరిగె. మళ్ళా చూసె. “యాడ చూస్తాండావు?” అన్నాడు. “యాడా లే” అనింది. ఆ పొద్దు కూడు పొద్దుపోయినంక పెట్టింది. మర్సనాడు తొందరపడి ముందే వండితే అడుగంటింది. ఆ మర్సనాడు సరిగ్గా ఉడకక మెతుకు పలుకుగా ఉండె. బసివిరెడ్డి కంచం ముందర కూచొని, మాడిన మెతుకు చేతిలో పట్టుకొని చూసుకున్నాడంట. వానిమీద బెంగ పెట్టుకొని కూడు మాడుస్తాంది గదా! ఇదివరకు కిర్రు అన్నప్పుడే తల ఎత్తేది, ఇప్పుడు ఎప్పుడు చూసినా వీధి దిక్కే చూస్తాంది.

అది చాలదని ఇంగొగటి. ఇదివరకు కిర్రు అంటే వాడు వచ్చినాడు, కిర్రు ఆగితే వాడు పోయినాడు. ఇప్పుడు వాడు యాడుండాడో ఎట్ల తెలుస్తాది? గోడపక్క గడ్డి కదిలినా వాడే. దొడ్లో బొప్పాయి ఆకు రాలినా వాడే. వాని చెప్పులు ఊడబెరికి వానికి పిల్లి కాళ్ళు ఇచ్చినట్లాయె. వాడు దొడ్డిదావన వస్తాడేమో అని పాలేరును పిలిచి, పెరటి గోడెంబడి తుమ్మకంప కొట్టించి పరిపించినాడు. వట్టికాళ్ళోడు తొక్కితే అరవక ఏం చేస్తాడు, అప్పుడు దొరుకుతాడు! ఇంటాండరా, ఆ కంప పరిపించింది ఎవురు? గుర్తుపెట్టుకోండి, ఆయప్పే మర్చిపోయినాడు.

ఒగ మాపటేళ ఓబులమ్మ చేట పక్కన పెట్టి, లేసి, పెరట్లోకి పోయె. అంతే, బసివిరెడ్డి అరుగుమీదనించి లేసె. వాడు వచ్చినాడు! ఎనకాల పోయి చూద్దామంటే కాళ్ళకు ఎద్దులబండి చెప్పులు, అడుగేస్తే ఊరికి తెలుస్తాది. ఇడిసేసినాడు. పుట్టి బుద్ధెరిగినంక ఆయప్ప కాలు మట్టిని తాకడం అదే మొదలంట. మెత్తని కాళ్ళు, వెన్నముద్దలు. గోడ చుట్టూ తిరిగి, ఒంగి, దొంగ మాదిరి ఒగ అడుగు, ఇంగొగ అడుగు. మూడో అడుగు కంపలో పడె. “సచ్చినానమ్మో!”

తూము కట్టి వస్తా ఉన్న సుంకన్న, కసువుమోపుతో వస్తా ఉన్న మారెక్క, వీధిలోనించి పరిగెత్తుకొచ్చినారు. పెరట్లోనించి ఓబులమ్మ వచ్చింది, చేతిలో నాలుగు కరేపాకు రెమ్మలు. ఆయమ్మ పోయింది వాటికి! ముల్లు సగం విరిగి అరికాల్లో ఉండాది. సుంకన్న దూరంగానే నిలబడి, “నీ కాలు నేను పట్టొచ్చునా రెడ్డీ?” అన్నాడు. ఎగతాళి లేదు ఆ మాటలో, అదే ఎక్కువ మండింది ఆయప్పకు. “పట్టరా, సస్తాండా!” సుంకన్న కూచొని ఆ కాలు తొడమీద పెట్టుకున్నాడు. అప్పుడన్నా నోరు మూసుకోవాల గదా మనిషి? నొప్పికి కట్ట తెగినట్ల లోపలిదంతా బయటికొచ్చె. “ఏమే ఓబులీ! వీని చెప్పులు కూస్తే నీకెందుకు తల లేస్తాది? చెప్పు, ఈ పొద్దు తేలిపోవాల!”

ఓబులమ్మ మొగుణ్ణి చూసింది, ఆయప్ప కాలు చూసింది, ఇడిసేసిన చెప్పులు చూసింది. అంతా అర్థమయ్యింది. “ఎసరు పెట్టేదానికి” అనింది. “కూడు చల్లారితే నువ్వు కంచం ఇసిరేస్తావు, ఆలిస్యమైతే మా అమ్మను తిడతావు. సుంకన్న చెప్పులు కిర్రుమన్నప్పుడు ఎసరు పెడితే, నువ్వు కాళ్ళు కడుక్కొని వచ్చే యాళకు పొగలు కక్కతా కంచంలో పడేది. పెండ్లయినంక తిట్టు తినకుండా ఉండింది ఆ చెప్పులు వచ్చినంకనే. నువ్వే దండోరా ఏయించి వాటిని ఇడిపిస్తివి.” ఆయమ్మ అంత పొడుగు మాట మాట్లాడడం ఎవురూ ఇనింది లేదంట.

బసివిరెడ్డి మొగం ఎట్లుండాదో మీరే అనుకోండి. తేరుకొని, “సరేలేరా సుంకా, రేపట్నించి నువ్వు ఏసుకో. నువ్వొక్కడు. ముల్లు తియ్యి” అన్నాడు. సుంకన్న ముల్లు దిక్కు వంగినాడు. మారెక్క కసువుమోపు దబ్బున కింద ఏసింది. “తియ్యబాక! నువ్వొక్కడు ఏసుకుంటే గేరిలో ఏం మొగం పెట్టుకొని తిరుగుతావు? ఏసుకుంటే అందరం, లేకుంటే ఎవురూ లేదు.” సుంకన్న చెయ్యి ఆగిపోయె. కాలు తొడమీదే ఉండాది, కింద పెట్టలే, ముల్లూ తియ్యలే. బసివిరెడ్డి పెండ్లాము దిక్కు చూసినాడు, నాలుగు మాటలన్నా తన తరపున అంటాదని. ఓబులమ్మ కరేపాకు దూసుకుంటా నిలబడింది. “అందరూ ఏసుకోండి, మీ పాడుగాను! అందరూ!” అని అరిచినాడు. అప్పుడు వచ్చింది ముల్లు.

మర్సనాడు దండోరా తిరగబడె. ఇంగ చూసుకో, గేరివాళ్ళంతా సుంకన్న మామ దగ్గర కిర్రు చెప్పులే కుట్టించుకున్నారు, మెత్తని చెప్పు తొడిగినోడు లేడు. మాపటేళ రెడ్ల వీధి కప్పలచెరువు మాదిరి కూసేది. ఓబులమ్మకు ఏది సుంకన్న కిర్రో, ఏది లింగమ్మవ్వ కిర్రో తెలీక కూడు మాడుతానే ఉండె. మాడినప్పుడంతా బసివిరెడ్డి అరుగుమీదికి వచ్చి, పోయేటోళ్ళ కాళ్ళ దిక్కు ఒగరి తరవాత ఒగర్ని గుర్రుగా చూసేవాడంట. ఒగనిమీద పడే ఈర్ష్య ఊరందరిమీదా సరిసమానంగా పడె. సమానత్వం సమానత్వం అంటారే, మా ఊరికి అది మొదట వచ్చింది అట్ల. ఇంగ లేయండి, మీ చెప్పులు చూసి తొడుక్కోండి. మా ఇంట్లో ఎసరు మరుగుతాంది.