మీ అమ్మమ్మ మందారం, నేను కొండమేక

"తాతయ్యా, అమ్మమ్మ మిమ్మల్ని కొండమేక అంటుందేంటండీ?"

ఆపరేషను గదిలోంచి ఎవరైనా వచ్చారా? రాలేదూ? పొద్దుననగా తీసుకెళ్ళారు మీ అమ్మమ్మని. ఊఁ... కొండమేకా? అదమ్మా, గుండుగొలనులో టీ కొట్టు టీవీలో చూశాం. అప్పట్లో టీ రూపాయే... కాదు కాదు, రూపాయిన్నర. గోడలా నిటారుగా ఉన్న బండ, కాలు పెట్టే చోటే లేదు, ఆ మేక అక్కణ్ణించి ఇంకో బండ మీదకి గెంతుతోంది. మీ అమ్మమ్మ గ్లాసు కింద పెట్టి, "ఏవండీ, ఇది మీరేనండీ" అంది. కొట్లో అందరూ ఒకటే నవ్వు! నాకు ఒళ్ళు మండిపోయింది. "అయితే నువ్వు మందార మొక్కవి" అన్నాను. తిట్టాననే అనుకున్నాను. ఆవిడేమో మురిసిపోయింది.

ఆ తలుపు తీశారా? కాదా, పక్కదా.

మరి నాది చేపల చెరువుల మీద కాపలా పని కదా. యజమాని ఒక మాటంటే పడేవాణ్ణి కాదు, సామాను సర్దేసేవాణ్ణి. కొల్లేటి చుట్టూ నేనుండని గట్టు లేదనుకో. ఆవిడ పాక వదిలే ముందు మందార కొమ్మొకటి తుంచి, తడిగుడ్డ చుట్టి తెచ్చుకునేది. మొదటి కొమ్మ పెంటపాడులో మా అక్క పెరట్లోది. మా అక్క సంగతి తెలుసు కదా, ఆ కొమ్మ ఇవ్వడానికే ఎంత గునిసిందో! ఏం చెబుతున్నాను? ఆఁ, కొమ్మ. కొత్త గట్టు మీద గుచ్చేది. నేనూరుకుంటానా, వేరొచ్చిందో లేదోనని పీకి చూసేవాణ్ణి. "కొండమేక గారూ, దాన్ని ముట్టుకోకండి" అని అరిచేది.

మేకకి గిట్టంత చోటు చాలమ్మా. మొక్కకలా కాదు, మట్టి కావాలి, నీళ్ళు కావాలి, నాలుగు రోజులు కదపకుండా వదలాలి. అయినా ఎక్కడ గుచ్చినా పూసేది. పొద్దున విచ్చిన పువ్వు సాయంత్రానికి ముడుచుకుంటే మర్నాటికి ఇంకోటి. మేక గొప్పా, మొక్క గొప్పా అంటే... ఏమోనమ్మా. నాకు భయంగా ఉంది. ఆవిడ లేకపోతే నేనెక్కడికి పోయి ఏం చెయ్యను?

ఏమ్మా నర్సమ్మా? తెలివొచ్చిందా? నన్నే రమ్మంటోందా? వస్తున్నా, వస్తున్నా... అమ్మాయీ, చెయ్యి పట్టుకో. ఇదేంటో, కాళ్ళు కదలట్లేదు. నవ్వకు. నూరేళ్ళు చల్లగా ఉండు తల్లీ, ఇంకాస్త గట్టిగా పట్టుకో...