ఆంప్యూల్ నేనే పగలగొట్టాను

1984 ఆగస్టు 13, సోమవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు టౌన్ పోలీసు స్టేషనులో సబ్ ఇన్‌స్పెక్టరు గారు అడగగా నేను చెప్పినది.

నా పేరు గ్రంధి కన్యక. భర్త పేరు నాగేశ్వరప్రసాద్. వయసు ముప్పై ఎనిమిది. మేము వైశ్యులం. మెయిన్ రోడ్డులో మా వారికి కిరాణా కొట్టు ఉంది. నేను ఈ ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో పదకొండేళ్లుగా ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. రైటరు గారు మొదట కాంపౌండరు అని రాశారు. నేను అభ్యంతరం చెప్పగా కొట్టివేసి సరిగా రాశారు.

డాక్టరు జోగేశ్వరరావు గారు నా మీద ఇచ్చిన ఫిర్యాదు చదివి వినిపించారు. క్యాజువాలిటీలో ఆయన పనికి అడ్డుపడ్డానని, ఆయన చేతిలోని మందు లాక్కున్నానని, దాన్ని నేలకేసి కొట్టానని అందులో ఉంది. అంతా నిజమే. ఎందుకు చేశానో అందులో లేదు. అది నేను చెబుతాను.

ఆగస్టు 7, మంగళవారం. నాట్లకు వెళ్లిన కూలీలు వాంతులు, విరేచనాలతో రావడం అప్పటికి వారం రోజులుగా జరుగుతోంది. ఆ రోజు పదకొండూ నలభైకి తలుపులమ్మ అనే ఆమెను రిక్షాలో తెచ్చారు. వయసు ఇరవై ఆరు. ఆమె కాళ్లకు మోకాళ్ల దాకా బురద ఎండిపోయి ఉంది. వెంట అత్తగారు పెద్దింట్లమ్మ ఉంది.

క్యాజువాలిటీకీ మందుల గదికీ మధ్య వరండా ఉంది. నేను కిటికీ వెనక కూర్చుంటాను. చీటీ వస్తుంది, మందు ఇస్తాను. రోగి మంచం దగ్గరికి ఫార్మసిస్టు వెళ్లే అలవాటు మా ఆసుపత్రిలో లేదు.

నర్సు రాజరత్నం చీటీ తెచ్చింది. పొటాషియం క్లోరైడు, పది సీసీలు, నరానికి, వెంటనే అని ఉంది. సెలైన్‌లో కలపమని లేదు.

"సెలైన్‌లో కలుపుతున్నారా రత్నం?" అని అడిగాను.

"లేదండి, సిరంజితోనే ఇచ్చేస్తారంటండి. తొందరగా ఇవ్వండి మేడం, నాడి అందట్లేదు" అంది.

విరేచనాలతో ఒంట్లో సారం పోయిన మనిషికి అది పనికొచ్చే మందే. అయితే పెద్ద సెలైన్ సీసాలో కలిపి, చుక్క చుక్కగా గంటల తరబడి ఎక్కించాలి. సిరంజితో ఒక్కసారిగా నెడితే గుండె ఆగిపోతుంది. ఇది నా సొంత అభిప్రాయం కాదు. ఆ మందు పెట్టె మీదే అచ్చువేసి ఉంటుంది.

నేను ఒక చేత్తో ఆ మందున్న గాజు ఆంప్యూల్, ఒక చేత్తో సెలైన్ సీసా పట్టుకుని వరండా దాటి వెళ్లాను.

"డాక్టరు గారూ, ఇది నేరుగా ఇవ్వకూడదండి. సెలైన్ తెచ్చానండి" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. ఆయన ముందు రోజు పొద్దున్నుంచీ ఇంటికి వెళ్లలేదు. అంతమంది రోగులకూ ఆయనొక్కరే. ఆయన చెడ్డవారని నేను అనడం లేదు.

"మీ కిటికీ దగ్గరికి మీరు వెళ్లండి" అన్నారు.

"చీటీ మార్చి రాయండి, వెళ్తాను."

"ఇక్కడ డాక్టరు మీరా, నేనా?"

"మీరేనండి. మందు ఇచ్చేది మాత్రం నేనండి."

అప్పుడు పెద్దింట్లమ్మ నా జబ్బ పట్టుకుంది. "ఏంటమ్మా, మా పిల్ల పోతా ఉంటే మందు చేత్తో పట్టుకుని నిలబడ్డావు? కూలోళ్లమనా?" అంది. ఆమెకు వివరించే వ్యవధి లేదు.

ఆ సందులో డాక్టరు గారు నా చేతిలోంచి ఆంప్యూల్ తీసుకుని దాని మెడ విరిచారు. సిరంజి అందుకున్నారు. నేను ఆంప్యూల్ లాక్కుని నేలకేసి కొట్టాను. గాజు గుచ్చుకుని నా అరచేయి తెగింది. మందు నేల మీద పడింది. తలుపులమ్మ ఒంట్లోకి పోలేదు.

అరుపులు విని పన్నెండూ అయిదుకి సూపరింటెండెంటు రామచంద్రమూర్తి గారు వచ్చారు. చీటీ చదివారు. మళ్లీ చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. ముందు ఉత్త సెలైన్ వేగంగా ఎక్కించమన్నారు. సాయంత్రం ఆమెకు మూత్రం వచ్చాక, ఆ మందునే సెలైన్‌లో కలిపి చుక్కలుగా పెట్టించారు.

ఇంతకు ముందు ఎప్పుడైనా ఇలా అడ్డుపడ్డారా అని సబ్ ఇన్‌స్పెక్టరు గారు అడిగారు. లేదు. అడ్డుపడవలసింది. 1981 జూన్‌లో ఆశీర్వాదం అనే కొబ్బరి దింపే మనిషికి ఇలాంటి చీటీయే వచ్చింది. రాసిన డాక్టరు వేరే. నాకు అనుమానం వచ్చింది. పెద్ద చదువు చదివినవాళ్లకు తెలియదా అనుకున్నాను. చీటీ వచ్చింది, మందు ఇచ్చాను. పావుగంటకు అతని భార్య కిటికీ దగ్గరికి వచ్చి, "ఇంకా ఏమైనా మందులు తీసుకోవాలాండి?" అని నన్ను అడిగింది. అప్పటికే అతను పోయాడు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. కాగితంలో గుండె ఆగి మరణం అని రాశారు. చీటీ వచ్చింది, మందు ఇచ్చాను.

ఆ తర్వాత క్యాజువాలిటీలో ఒక ఫార్మసిస్టును ఉంచాలని మూడు అర్జీలు పెట్టుకున్నాను. అక్కడ ఇంకో కుర్చీకి చోటు లేదన్నారు. నిలబడి పనిచేస్తానన్నాను. నవ్వారు.

చీటీ ఇప్పుడు దొరకడం లేదని సూపరింటెండెంటు గారు చెప్పినట్టు ఇక్కడ విన్నాను. రాజరత్నాన్ని అడగండి. ఆమెది పర్మనెంటు ఉద్యోగం కాదు. భయపడి చెప్పకపోతే నేను తప్పు పట్టను. ఆమె చెప్పినా చెప్పకపోయినా నా మాట మారదు.

తలుపులమ్మ శుక్రవారం తన కాళ్ల మీద నడిచి ఇంటికి వెళ్లింది. పెద్దింట్లమ్మ కిటికీలోంచి మాత్రలు తీసుకుంది. నా మొహం చూడలేదు. నేను మాత్రలు ఎప్పుడెప్పుడు వేయాలో రెండుసార్లు చెప్పాను.

క్షమాపణ రాసి ఇస్తే డాక్టరు గారు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారని సబ్ ఇన్‌స్పెక్టరు గారు చెప్పారు. మా వారు కూడా, "రాసిచ్చేయవే, పెద్దోళ్లతో మనకెందుకు?" అన్నారు. ఆయన బయట బల్ల మీద కూర్చుని ఉన్నారు. నేను రాయను. కేసు పెట్టుకోండి. మేజిస్ట్రేటు గారి ముందూ ఇదే చెబుతాను. రేపు ఉదయం ఎనిమిదికి నాకు డ్యూటీ ఉంది. అలాంటి చీటీ మళ్లీ వస్తే మందు ఇవ్వను. మళ్లీ వరండా దాటి వెళ్తాను.

పైన రాసినదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. అందులో అబద్ధం లేదు, ఎవరి బలవంతమూ లేదు. పోలీసులకిచ్చే వాంగ్మూలం మీద సంతకం అక్కర్లేదని రైటరు గారు అన్నారు. నేను కలం అడిగి తీసుకుని పెడుతున్నాను.

(సంతకం)
గ్రంధి కన్యక, ఫార్మసిస్టు