సగం గుట్ట

మైత్రీవనం వెనక సందులో ఫోటోలు ప్రింట్ చేసే షాపు. కౌంటర్ మీద పరిచిన పెద్ద ప్రింటును చూడగానే ఆమె గొంతు పెరిగింది. కంప్యూటర్ ముందున్న అతను కుర్చీలోంచి లేవలేదు.

“ఏంటండీ ఇది? నేనిచ్చిన ఫోటోలో గుట్ట సగమే ఉంది. మిగతా సగం ఎక్కడి నుంచి వచ్చింది?”

“నేనే పెట్టిన మేడం. క్వారీ వాళ్లు కోసిన కాడ మంచిగ కనబడ్తలేదని నిండుగ చేసిన.”

“మిమ్మల్ని ఎవరు చెయ్యమన్నారు? ఆరు రోజులు ఊళ్లు పట్టుకు తిరిగాను. ఆ కోత మీద ఎండ పడేదాకా చేలో నిలబడ్డాను. ఆ కోత కోసమే ఫోటో తీశాను!”

“పెళ్లి ఆల్బమ్‌లల్ల మొటిమలు రోజూ తీసేస్తం. ఎవ్వరు ఏమనరు.”

“ఇదేమన్నా పెళ్లికూతురా? ఎల్లుండి ఎగ్జిబిషన్. ఈ ప్రింటు పెడితే, గుట్టకేమీ కాలేదని ఆ క్వారీ వాళ్లే చూపించుకుంటారు!”

అతను మౌస్ వదిలేసి ప్రింటు వైపు చూశాడు.

“చెప్పండి! అటువైపు ఎలా ఉండేదో మీకేం తెలుసు? ఈ రెండు బండలు, మధ్యలో సీతాఫలం చెట్లు, ఎక్కడి నుంచి కాపీ కొట్టారు?”

“కాపీ గాదు మేడం. గా గుట్ట మా ఊరిదే. చిన్నప్పుడు గా బండ మీద కూసోని గొర్లు కాసిన.”

ఆమె వంగి, ప్రింటులోని ఆ బండల్ని మళ్లీ చూసింది.

“మీరు సగమే చూసిన్రు. నేను మొత్తం చూసిన. గిప్పుడు చెప్పుండ్రి, మనిద్దర్ల ఎవరికి ఎక్కువ కోపం రావాలె?”