రిలీవర్ వస్తేనే బ్రేకు

దువ్వాడ స్టేషన్ బయట టీ కొట్టులో దొరబాబు కూర్చున్నాడంటే ఒక్క టీతో లేవడు. ముప్పై ఏళ్లు స్టీల్ ప్లాంటులో ఫర్నేసు దగ్గర పనిచేసి రిటైరయ్యాడు గానీ, నోరు ఇంకా డ్యూటీలోనే ఉంది.

"మా సెల్లి కూతురు హిమబిందుకి సోమవారం ఇంటర్ ఫిజిక్సు బావా," అని కొట్టు అప్పలరాజుతో మొదలెట్టాడు. "తెల్లారి కూసుంటే పొద్దుగూకేదాకా లేవదు. సదివింది బుర్రలో నిలవక ఏడుస్తాది. ఇలాక్కాదమ్మా అని నాను షిఫ్టు చార్టు గీసిచ్చేను. నలభై నిమిషాలు సదువు, పది నిమిషాలు బ్రేకు. మా ప్లాంటు రూలూ పెట్టేను, డ్యూటీ అందుకునే రిలీవరొచ్చి కూసుంటేగానీ కుర్చీ దిగకూడదని. ఫర్నేసు సల్లారకూడదు కదేటి. ఆ రిలీవర్ని నానే."

అప్పలరాజు పాలు తిరగబోస్తూ, పనిచేసిందా అని అడిగాడు.

"సేసిందా ఏటి? రెండోరోజు బ్రేకుకి నాను ఈల ఊదితే అపార్టుమెంటు పిల్లలంతా మేడెక్కి ఒళ్లు ఇరుసుకున్నారు. ఆ తర్వాత ఏటైందో తెలుసా? మూడోరోజు ఈల పోర్టుదాకా ఎల్లింది. క్రేన్లు ఎత్తిన బొగ్గు ఎత్తినట్టే ఆగిపోనాయి. ఏ దేశపోడో ఓడ కెప్టెను, ఫోన్ సేసి, గురువుగారూ మేం కదలొచ్చా అని తెలుగులో అడిగేడు."

బెంచీ చివర అచ్యుతరామయ్య మేస్టారు పేపరు దించి, వాడికి తెలుగెలా వచ్చిందయ్యా అన్నారు.

"బ్రేకులో నేర్సుకున్నాడు మేస్టారూ. నిన్నయితే బీచిలో లేసిన కెరటం లేసినట్టే నిలబడిపోనాది. సేపలు అందులోంచి తొంగిసూసి, ఇంకా ఎన్ని నిమిషాలుందని..."

"మామయ్యా."

జడలో పెన్ను దోపుకుని హిమబిందు నిలబడి ఉంది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"పదకొండింటికి నా బ్రేకు. ఇప్పుడు నాలుగయింది. రిలీవర్ రాలేదని అన్నం కూడా కుర్చీలోనే తిన్నాను."

మేస్టారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. దొరబాబు టీ గ్లాసులోకి చూస్తూ, మరిప్పుడెలా వచ్చేవమ్మా, ఫర్నేసు సల్లారిపోదా అని గొణిగాడు.

"అమ్మని కూసోబెట్టి వచ్చేను. పొయ్యి మీద పప్పుంది, మాడితే నీదే బాధ్యత. లే. ఇక్కడ నీ రిలీవర్ని నాను."

రూలు తనదే కాబట్టి దొరబాబు లేచి ఇంటిదారి పట్టాడు. హిమబిందు ఆ వెచ్చటి చోటే కూర్చుని కాళ్లు చాపుకుంది.

"ఓ టీ ఇయ్యి అప్పలరాజు బాబాయ్," అంది. "ఇంతకీ కెరటం ఎక్కడుంది? దించేడా, నాను దించాలా?"