పన్నెండు నున్నటి ఉండలు

పెద్దకడుబూరులో ఒక వంటిల్లు, జనవరి పొద్దున. తల్లి మేరి, కూతురు హేమ. గుంటూరు వైపు మిరపకాయలు కోసే సుగ్గికి, అంటే వలస కూలికి, జనాన్ని తీసుకుపోయే బండి వీధి చివర నిలబడి ఉంది.

“మళ్లీ పగిలింది! సూడు మా, ఇదీ పగిలింది. పైన చాక్లెట్ అంతా నెర్రెలు ఇచ్చింది.”

“ఎండాకాలం నల్లరేగడి మాదిరి ఉంది.”

“నవ్వకు మా! పదకొండుకు బండి. ఆలోపల పన్నెండు కేకు ఉండలు నున్నగా చేసి ఆదోని ప్రేమలతక్కకు వీడియోలో సూపియ్యల్ల. ఆమె సరే అంటేనే వాళ్ల బేకరీలో పని. నేను అవ్వకాడ ఈడ్నే ఉంటా, నాయనకు జతగా నువ్వు పోతావు. లేదంటే నేను కూడా సుగ్గికి. నువ్వే గదా ఒప్పుకున్యావు?”

“ఒప్పుకున్యా, ఒప్పుకున్యా. ఎన్నిసార్లు సెప్తావు? టైమెంత?”

“తొమ్మిదిన్నర దాటింది. పోనీ ఇద్దరినీ తీసుకోక్కా అని అడిగినా. ఒక్కరికే పని ఉంది అనింది.”

“నా గురించి ఎవరు అడగమన్యారు? ఉండలు యాల పగులుతాండాయో అది సూడు.”

“తెలీదు మా. నిన్నట్నుంచి పక్కింటి మల్లేశ్వరక్క వాళ్ల ఫ్రిజ్జులో పెట్టినా. గట్టిగానే ఉండాయి.”

“సల్లటి గాజు గ్లాసులో కాగే టీ పోస్తే ఏమయితాది?”

“పగులుతాది.”

“మరి? లోపల మంచుగడ్డ, పైన పోసేది సలసలా కాగేది. ఉండలు కాసేపు బయట పెట్టు. చాక్లెట్‌నూ కొంచెం ఆరనీ.”

“ఆరనిస్తే టైం యాడుంది మా?”

“ఎగిరి గంతులేస్తే ఆరుతాదా? పో, మిగిలినవి కూడా తెచ్చి పెట్టు.”

“మల్లేశ్వరక్క ఇంటికి పోయొస్తా. నువ్వు గిన్నె ముట్టుకోవద్దు.”

“పో, పో. నేనేం సేస్తా దాన్ని?”

...

“తెచ్చినా. మా! ఏమిది? చాక్లెట్ ఏమయింది? బంకమట్టి లెక్క గడ్డకట్టింది!”

“గట్టిపడుతాంటే... రెండు చెంచాలు నీళ్లు పోసినా.”

“నీళ్లా!”

“సంగటి గట్టిపడితే పొయ్యమా?”

“ఇది సంగటా? చాక్లెట్‌కు నీటి చుక్క తగలకూడదు. పలచన కావల్లంటే నూనె పోయల్ల, నూనె!”

“నాకేం తెలుసు? నూనె అని నువ్వు సెప్పినావా?”

“ముట్టుకోవద్దని సెప్పినా గదా! నువ్వు కావాలనే పోసినావు. నన్ను బండెక్కించల్లని పోసినావు.”

“ఏమన్యావు?”

“ఏం లే.”

“ఏం లే కాదు. ఏమన్యావు, సెప్పు.”

“నేను రాకుంటే నీ వరస కోసేది ఎవరు? నాయన ముందుకు పోతాడు, నువ్వు ఎనకబడతావు. ఏడాదేడాదీ నేనే వచ్చి అందుకుంటా. అందుకే పోసినావు అన్యా. సాలా?”

“బైబిలు ముట్టుకోని సెప్తా. తెలీక పోసినా హేమా. నా వరస మిగిలిపోతే మిగిలిపోనీ, మేస్త్రీ తిడితే తిట్టనీ. నువ్వు ఆ గుడారాల్లో ఇంకొక ఏడు పండుకోవద్దనే నాకూ ఉంది. ... ఏడ్చేది తర్వాత. ఇంకా చాక్లెట్ ఉందా?”

“సగం అచ్చు ఉంది. ఉండలే తక్కువైనాయి. పగిలినవి పోను ఐదే.”

“అన్నీ చిదిమెయ్. పై పెంకు తీసేసి లోపలి పొడి ఇట్లియ్యి. నేను సుడతా.”

“నువ్వా? ఇవి నీకు రావు మా.”

“శెనక్కాయ ఉండలు సుట్టని చెయ్యా ఇది? అబ్బ, పాలు ఎక్కువ పోసినావు, ఏళ్లకు అంటుకుంటాంది. ఇంకా కేకు పొడి ఎయ్యి. సాలు. ముందు పిడికిట్లో గట్టిగా నొక్కల్ల, లోపల గాలి ఉండకూడదు. తర్వాత అరచేతుల మధ్య మెల్లగా, దాన్ని బాధ పెట్టకుండా తిప్పల్ల. సూడు.”

“మా... గోలీ మాదిరి వచ్చింది.”

“కిటికీ కాడ పెట్టు, ఈ చలిగాలి సాలు. నువ్వు గిన్నె తడి లేకుండా తుడువు.”

“తుడిసినా. వేడినీళ్ల మీద కరగబెట్టినా. నూనె ఒక చెంచా. ఫోర్కుతో ముంచి, గిన్నె అంచుకు తట్టి, కాగితం మీద... మా! సూడు! నెర్రె లేదు!”

“కదిలించొద్దు. ఇంకొకటి ముంచు.”

“ఎడమ చెయ్యి సూపియ్యి.”

“పనిలో ఉండా.”

“పోయినేడు తోలు ఊడింది ఇంకా మానలేదు గదా?”

“మిరపకాయ గుణమే అంత. మజ్జిగలో పెడితే తగ్గుతాది.”

“పది నెలలయింది మా.”

“ఎనిమిది ఉండలైనాయి. నువ్వు నాలుగే ముంచినావు, సూసుకో.”

“ఇప్పుడు మండుతాందా?”

“లేదే! నాకే వింతగా ఉంది. ఈ పొడి మెత్తగా, సల్లగా ఉంది. ఇదీ ఒక పనేనా హేమా? నీడలో కూర్చోని ఉండలు సుట్టేది! రోజంతా సుట్టమన్యా సుడతా నేను, కూడు కూడా అడగను.”

“రోజంతానా మా?”

“రోజంతా మే. ముంచు, ఆఖరిది ముంచు.”

“పన్నెండూ అయినాయి.”

“మీ నాయన కేకేస్తాండాడు. వస్తాండాం, ఉండప్పా! మే, ఫోన్ సెయ్యి తొందరగా.”

“హలో... ప్రేమలతక్కా, కనపడుతాందా?”

“దగ్గరికి పెట్టు హేమా. ఇంకొంచెం. ఒకటి కోసి సూపించు. అబ్బ! లోపల ఖాళీ లేదు, పైన పగులు లేదు. పన్నెండూ ఒకే కొలత. పోయిన వారం నువ్వు పంపిన ఫోటోలో ఇట్ల లేవే?”

“లేవక్కా.”

“చాక్లెట్‌లో ముంచేది ఎవరికైనా వారంలో నేర్పిస్తా. ఇట్ల సుట్టే చెయ్యే నాకు దొరకలేదు. రేపు ఎనిమిదికంతా వచ్చేయ్.”

“అక్కా, ఒక మాట.”

“ఏం మాట మే? సరే అను! సరే అని పెట్టేయ్, ఆడ బండి స్టార్ట్ చేసినారు!”

“నువ్వుండు మా. అక్కా, ఇవి సుట్టింది నేను కాదు, మా అమ్మ మేరి. రేపు ఎనిమిదికి ఆమే వస్తాది. సుగ్గికి నేను పోతాండా.”