నలభై సెకన్ల నిశ్శబ్దం

ఫిబ్రవరి మధ్యాహ్నం, టోక్యోలో, ఒకప్పుడు టోఫు కొట్టు ఉన్న ఇంటి పైగది. సంగీత దర్శకుల స్కోరులోంచి ఒక్కో వాద్యం నొటేషన్‌ని విడి పార్టుగా చేత్తో రాసిచ్చి బతికిన ఇసోబె కినుయెకి డెబ్బై ఆరేళ్ళు. ఆమె ఎదుట మోకాళ్ళ మీద బుద్ధిగా కూర్చున్న సినిమా సంగీత దర్శకుడు మికుమో తదయుకికి ఎనభై దాటాయి. ఆయన తెచ్చిన మిఠాయి పెట్టెను ఇద్దరిలో ఎవరూ ఇంకా ముట్టుకోలేదు.

“పెట్టె అక్కడే ఉండనివ్వండి మాస్టారూ. ముందు సంగతేంటో చెప్పండి. ఇంత బరువు మోసుకుని ఆ మెట్లెక్కారంటే, తప్పు కూడా అంత బరువుదే అయి ఉంటుంది.”

“అలా అనకండి కినుయె గారూ. ఊరికే ఒకసారి చూసి పోదామని…”

“ఊరికే. నలభై ఏళ్ళకి, ఊరికే.”

“మీ ఒంట్లో ఎలా ఉందో అని…”

“నేనెప్పట్నుంచి ‘మీరు’ అయ్యాను? ‘ఏయ్, పార్టులు రాసే అమ్మాయ్’ అనేవారు కదా. నాకో పేరుందని మీకు తెలుసన్న సంగతి నాకివాళే తెలిసింది.”

“అందరికీ వయసొచ్చింది కదండీ.”

“మీకు వయసొచ్చింది. నాకు మోకాళ్ళ నొప్పులొచ్చాయి. సంగతి చెప్పండి.”

“వచ్చే నెల కచేరీ ఉంది. మన సినిమాది, ఆ దీపస్తంభం పాప బొమ్మల సినిమా. తెర మీద బొమ్మ నడుస్తుంటే ఎనభై మంది ముందు కూర్చుని వాయిస్తారు.”

“మన సినిమానా? మూడుసార్లు చూశాను. చివర్లో స్టూడియోకి భోజనాలు తెచ్చినాయన పేరు కూడా ఉంది. నాది కనబడలేదు.”

“అప్పటి పద్ధతి అది. పార్టులు రాసేవాళ్ళ పేర్లు ఎవరూ వేసేవారు కాదు.”

“భోజనాల ఆయన పేరు మాత్రం వేసేవారు. సరే. టికెట్ ఇచ్చి పోదామని వచ్చారా?”

“టికెట్ కూడా తెచ్చాను.”

“ఆ ‘కూడా’ వెనక ఉన్నది చెప్పండి.”

“స్కోరు పుస్తకంగా వేస్తున్నారు. నా చేతిరాత ప్రతి అడిగితే ఇచ్చాను. అక్కడ కొమినె అని ఒక ఎడిటరు పిల్ల ఉంది. ఒక పట్టాన వదిలే రకం కాదు. ప్రతి కాయితం ఎత్తి వెలుగుకి పట్టి చూసింది. పన్నెండో పేజీ, పదమూడో పేజీ ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయని కనిపెట్టింది.”

“ఓహో.”

“ఆవిరి పట్టి విడదీసింది. లోపల పదహారు తాళం గళ్ళ సంగీతం ఉంది.”

“ఎవరిది?”

“నాదే.”

“బావుందా?”

“హార్ప్, రెండు ఫ్లూట్లు, కింద వయొలిన్లు. ఆ రోజుల్లో అలాగే రాసేవాణ్ణి.”

“సినిమాలో ఎక్కడ రావాలి అది?”

“మీకు తెలీదా ఏంటి?”

“మీ నోటితో వినాలనుంది.”

“తాతయ్య సముద్రంలోంచి ఇక రాడని తెలిశాక, ఆ పాప ఆయన రోజూ తినే అన్నం గిన్నె తీసి అలమార్లో పెట్టేస్తుంది చూడండి. అక్కడ.”

“అంటే ఆ నలభై సెకన్ల దగ్గర. ఏ సంగీతమూ లేకుండా, హాలంతా ఊపిరి బిగబట్టి కూర్చునే చోట.”

“అక్కడే.”

“మీరు ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చిన చోట. టీవీలో చూశాను. కళ్ళు మూసుకుని మరీ చెప్పారు, ‘రాయడం ఎవరైనా రాస్తారు, రాయకుండా ఆగడానికి నాకు మూడు వారాలు పట్టింది’ అని. నేనప్పుడు ముల్లంగి తురుముతున్నాను. వేలు తెగింది.”

“ఎగతాళి చేయండి. పడాల్సిందే నేను.”

“బడి పుస్తకంలో కూడా పెట్టారుగా. మా తమ్ముడి మనవరాలికి పరీక్షలో వచ్చింది. ‘ఈ నిశ్శబ్దం ద్వారా సంగీత దర్శకుడు ఏం చెప్పదలిచాడు?’ అని. నన్నడిగింది.”

“ఏం చెప్పారు?”

“‘అక్కడ హార్ప్ ఎవరికీ అక్కర్లేదు’ అని రాయమన్నాను. సున్నా వేశారు.”

“కినుయె గారూ, శుక్రవారం అచ్చుకెళ్ళిపోతుంది. చేతిరాతలో ఏది ఉంటే అది వేయడం వాళ్ళ నియమమట. కచేరీలో కూడా వాయించేస్తారట. అది కావాలనే తీసేసిందని రుజువు చూపిస్తేనే వదిలేస్తారు.”

“ఉందా రుజువు?”

“అందుకే వచ్చాను.”

“ఇప్పటికి దారిలో పడ్డారు.”

“ఇదిగో, ఈ కాయితం. రెండు వాక్యాలే. రికార్డింగు రోజు పొద్దున్నే నేను మీకు ఫోన్ చేసి, ఆ పదహారు గళ్ళూ వదిలెయ్యమని చెప్పానని. కింద సంతకం బదులు మీ ముద్ర వేస్తే చాలు.”

“ఏ ఫోన్‌కి చేశారు?”

“అంటే?”

“నాకు ఫోనెక్కడిది? కింద కొట్లో ఉండేది. టోఫు తీసే వేళ ఎవరైనా ఫోన్ చేస్తే ముసలాయన రిసీవరు తీసి పక్కన పడేసేవాడు. రాజుగారు చేసినా అంతే.”

“అయితే మనిషిని పంపానని రాద్దాం.”

“రాద్దాం. పావురాన్ని పంపానని రాద్దాం. ఇంకా బావుంటుంది, ఉపన్యాసాల్లో చెప్పుకోవచ్చు.”

“నన్నేం చేయమంటారు?”

“నిజం చెప్పి అడగండి. అప్పుడు ముద్ర బయటికి తీస్తాను. ఆ పేజీలెలా అతుక్కున్నాయి?”

“…దాంగో.”

“ఏంటి?”

“దాంగో తిన్నాను. రాస్తూ రాస్తూ, ఐదు పుల్లల పిండి ఉండలు. ఆ తీపి పాకం కాయితం మీద కారి ఉంటుంది. స్టూడియోలో వాద్యాల్ని నడిపిస్తూ పేజీ తిప్పితే రెండూ కలిసి తిరిగాయి. అటు చూస్తే వాద్యాలన్నీ ఆగిపోయాయి. ‘మా పార్టుల్లో ఇక్కడ ఖాళీ ఉందండీ’ అన్నారు. మీరే వదిలేశారని కేకలేశాను. వేలితో తడిమితే పేజీ మందంగా తగిలింది. అప్పుడర్థమైంది.”

“ఎప్పుడు? నన్ను తిట్టకముందా, తిట్టాకా?”

“…తిడుతుండగా.”

“తిడుతుండగా.”

“సగంలో.”

“మరి మిగతా సగం ఎందుకు తిట్టారు?”

“యాభై మంది చూస్తున్నారు. మొదలుపెట్టాక మధ్యలో ఎలా ఆపను?”

“‘కళ్ళు కనబడనిదాన్ని ఈ పనికి ఎవడు పిలిచాడు’ అన్నారు. అది మొదటి సగమా, రెండో సగమా?”

“…రెండోది.”

“మా ఆయన పోయి అప్పటికి నలభై తొమ్మిది రోజుల మైల కూడా తీరలేదు. నల్లబట్టల్లో వచ్చి, నడుం వంచి యాభై మందికీ క్షమాపణ చెప్పుకున్నాను.”

“నల్లబట్టలా? స్టూడియో కదా, అందరూ అవే వేసుకుంటారని…”

“అనుకుంటారు, అనుకుంటారు. నేను గుమ్మం దాటానో లేదో అద్దాల గదిలోంచి సినిమా దర్శకుడి గొంతు మైకులో వినబడింది. ‘ఆ ఖాళీ అలాగే ఉంచేద్దాం మికుమో, నాకు ఏడుపొచ్చింది’ అని. దానికి మీరేమన్నారు?”

“ఇప్పుడదంతా ఎందుకండీ?”

“ఏమన్నారు?”

“‘మీకు నచ్చుతుందో లేదోనని భయపడ్డాను’ అన్నాను.”

“ఒక బూటు వేసుకున్నాను అప్పటికి. రెండోది చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎంత చక్కగా వచ్చింది మాస్టారూ మీకా మాట. పదహారు గళ్ళు రాయడానికి తడుముకునే మనిషికి, అంత చక్కగా.”

“వెంటనే మిమ్మల్ని వెనక్కి పిలవాల్సింది.”

“పిలవలేదు. ఆ తర్వాత ఏ స్టూడియో వాళ్ళూ పిలవలేదు. గళ్ళు ఎగ్గొట్టే మనిషని పేరు పడిపోయింది. ముప్ఫై ఏళ్ళు బడి పిల్లల బ్యాండులకి రాసి బతికాను. ఒక్క గడి ఎగ్గొట్టలేదు.”

“అందుకే ఈ మిఠాయి…”

“ఎంతుంటుంది? రెండు కిలోలా?”

“మూడు.”

“బాగా లెక్కేసుకునే తెచ్చారు. పోనీ ఆ పదహారు గళ్ళూ వాయించనివ్వండి, ఎందుకంత భయం? మీ బిడ్డే కదా.”

“నిన్న ఇంట్లో పియానో మీద వాయించి చూసుకున్నాను.”

“ఎలా ఉంది?”

“…అన్నం గిన్నెకి పూలదండ వేసినట్టుంది.”

“నిజంగా?”

“పరువు పోతుందని భయం లేదనను. చాలా ఉంది. కానీ కినుయె గారూ, ఆ పాప గిన్నె పట్టుకుని నిలబడితే వెనక హార్ప్ మోగడం… వద్దు. నేను వినలేను. ఇన్నేళ్ళలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదొక్కటే. అది కూడా నేను చేసింది కాదు, దాంగో పాకం చేసింది.”

“ఈ మాట ఆ ఎడిటరు పిల్లతో చెప్పారా?”

“చెప్పబోయాను. ఈలోగా అదే ఒక ప్రశ్న వేసింది.”

“ఏమని?”

“మీరు రాసిన పాత పార్టులు కూడా తెప్పించుకుంది. ‘పేజీలు అతుక్కుపోతే రాసేవాళ్ళు పదకొండో పేజీ నుంచి సరాసరి పద్నాలుగుకి వెళ్ళిపోతారు కదా. మరి అందరి పార్టుల్లోనూ మధ్యలో సరిగ్గా పదహారు గళ్ళ ఖాళీ ఎలా ఉంది? లోపలున్నవి పదహారని, ఆ పేజీలు చూడని మనిషికి ఎలా తెలిసింది?’ అంది.”

“చురుకైన పిల్ల. మీరేమన్నారు?”

“అదృష్టం అన్నాను.”

“నలభై ఏళ్ళలో ఆ ప్రశ్న మీకు ఒక్కసారి కూడా రాలేదా?”

“నా దాంగో సంగతి బయటపడకుండా చూసుకోవడంతోనే సరిపోయింది. మళ్ళీ ఆ పేజీ ముట్టుకుంటే ఒట్టు.”

“పాకం కారితే ఒక చోట కారుతుంది, ఒక చోట అంటుతుంది. నాలుగంచులూ తిన్నగా, కొలిచి అతికినట్టు అతుకుతుందా మాస్టారూ?”

“అంటే…”

“మీ పక్కనే, ఆ బల్ల కింద రేకు డబ్బా ఉంది. తీయండి. మూత తీసి చూడండి.”

“ఇది జిగురు.”

“అన్నం జిగురు. తప్పు రాసిన చోట కాయితం ముక్క అతికించడానికి. పార్టులు రాసే ప్రతి ఇంట్లోనూ ఉంటుంది.”

“కినుయె గారూ… మీరా?”

“ఆ కాయితం ఇలా ఇవ్వండి. ఈ ఫోన్ మాట కొట్టేస్తున్నాను. ‘ఈ పదహారు గళ్ళూ తీసేసింది ఇసోబె కినుయె.’ ఇదిగో, ముద్ర. శుక్రవారం ఇది అచ్చు వేయించండి, చిన్నక్షరాలైనా ఫరవాలేదు. ఇక ఎవరూ హార్ప్ జోలికి పోరు.”

“అంతసేపు తిడుతుంటే ఒక్క మాట అనలేదే. అసలు ఎందుకు చేశారు? మీరప్పటికి బొమ్మ కూడా చూడలేదు.”

“చూడక్కర్లేదు. పేజీ పైన మీరే పెన్సిల్‌తో రాసి పెట్టారు, ‘పాప తాతయ్య గిన్నె అలమార్లో పెట్టేస్తుంది’ అని.”

“రాశాను. అయితే?”

“ఆ వారమే, ఇదే గదిలో, నేను మా ఆయన గిన్నె అలమార్లో పెట్టేశాను మాస్టారూ. ఏ హార్పూ మోగలేదు.”